కష్టకాలంలో ఒక చెక్క మీద రైల్వే: ఎనిమిది వ్యాగన్లతో చిన్న గూడ్స్ యార్డు కట్టుకోవడం ఎలా

మా అమ్మ మంచాన పడిన ఏడాదిన్నరలో నాకంటూ రోజుకు ఇరవై నిమిషాలు మిగిలేవి. రాత్రి ఆమెకు మందులు వేసి, నిద్రపట్టిందని తెలిశాక దొరికే సమయం అది. పక్క గదిలో నేను ఎప్పుడో మొదలుపెట్టి ఆపేసిన పెద్ద మోడల్ రైల్వే ఉండేది. రెండు స్టేషన్లు, ఒక సొరంగం, గది చుట్టూ తిరిగే డబుల్ లైన్. దానికి దుప్పటి కప్పి ఉంచాను. ఆ దుప్పటి కంటబడినప్పుడల్లా మిగిలిపోయిన పనులన్నీ గుర్తొచ్చి టెన్షన్ ఇంకా పెరిగేది. చివరికి దాన్ని అలాగే వదిలేసి, ఒక్క చెక్క మీద చిన్న గూడ్స్ యార్డు కట్టుకున్నాను. ఆ రోజుల్లో నన్ను నిలబెట్టింది ఆ చెక్కే.

ఉద్యోగం పోయినప్పుడు, ఇంట్లో జబ్బు తిష్ఠ వేసినప్పుడు, దగ్గరివాళ్లు దూరమైనప్పుడు మనసు ఒకచోట నిలవదు. చేతులకు చిన్న పని, ఆ పనికి ఒక అంతు ఉంటే కాస్త ఊపిరాడుతుంది. అలాంటి యార్డు మీరూ ఎలా కట్టుకోవచ్చో, కట్టాక దానితో రోజూ ఏం చేయాలో ఇక్కడ వరసగా చెబుతాను. ఒక్క మాట ముందే చెప్పాలి. నిద్ర, తిండి కూడా తప్పిపోయేంత దిగులుగా ఉంటే డాక్టరుతో మాట్లాడండి. రైలు ఆ వైద్యానికి తోడుగా ఉండగలదు, దాని బదులు నిలబడలేదు.

1. ఏం కట్టకూడదో ముందు తేల్చుకోండి

గుండ్రంగా తిరిగే లైను వద్దు. చూడ్డానికి బాగుంటుంది కానీ, బండి నాలుగు చుట్లు తిరిగేసరికి కళ్లు దాని మీదే ఉన్నా మనసు మళ్లీ ఆసుపత్రి బిల్లు దగ్గరికో అప్పుల దగ్గరికో వెళ్లిపోతుంది. షంటింగ్, అంటే వ్యాగన్లను విడదీసి, కలిపి, కావలసిన వరసలో నిలబెట్టే పని, అలా కాదు. ఏ వ్యాగన్ ముందు తీయాలి, ఏది ఎక్కడ వదలాలి అని ప్రతి నిమిషం ఒక చిన్న ప్రశ్న వస్తుంది. దానికి జవాబు కూడా అక్కడే, చేతికందే దూరంలో ఉంటుంది. కష్టకాలంలో జవాబు దొరికే ప్రశ్నలు చాలా తక్కువ. అందుకే నేను షంటింగ్ యార్డే కట్టమంటాను.

కొండలు, సొరంగాలు, రెండో ఇంజిన్, సిగ్నల్ దీపాలు, కంప్యూటర్ కంట్రోల్ కూడా ఇప్పుడు వద్దు. మీకు రెండే షరతులు: ఒక్క మనిషి ఎత్తి పక్కన పెట్టగలగాలి, కొద్ది వారాల్లో బండి నడవాలి.

2. ప్లాను: ఇంగిల్‌నుక్

ఇంగ్లండ్‌కు చెందిన అలన్ రైట్ అనే మోడలర్ తయారుచేసిన ఇంగిల్‌నుక్ సైడింగ్స్ అనే ప్లాను ఉంది. ఇందులో ఉండేవి రెండు పాయింట్లు (బండిని ఒక లైను నుంచి ఇంకో లైనుకు మళ్లించే చోట్లు), మూడు సైడింగులు (వ్యాగన్లు నిలబెట్టే పక్క లైన్లు). పొడవాటి సైడింగులో ఐదు వ్యాగన్లు పడతాయి, మిగతా రెండింటిలో మూడేసి. మూడు దారులూ కలిసే చోట ముందుకు ఒక షంటింగ్ నెక్ ఉంటుంది, అంటే ఇంజిన్ వ్యాగన్లను బయటికి లాగి మళ్లీ నెట్టడానికి వాడే పొట్టి లైను. దాంట్లో ఇంజిన్, మూడు వ్యాగన్లు సరిగ్గా పట్టాలి. మొత్తం వ్యాగన్లు ఎనిమిది.

ఈ ఐదు, మూడు, మూడు లెక్కను మార్చకండి. ఇంత చిన్న ప్లాను ఏళ్ల తరబడి విసుగు పుట్టించకపోవడానికి కారణం ఆ కొలతలే. నెక్‌లో ఇంకో వ్యాగన్‌కు చోటిస్తే పని మరీ తేలికైపోతుంది, ఒకటి తగ్గిస్తే ముడి పడిపోతుంది. ఇందులో ఆట, ఎనిమిది వ్యాగన్లలోంచి ఐదింటిని చెప్పిన వరసలో పొడవాటి సైడింగులో నిలబెట్టడం. అలాంటి వరసలు ఎన్ని వీలవుతాయో చూడండి: 8 × 7 × 6 × 5 × 4, అంటే 6,720. రోజుకొకటి చొప్పున ఆడినా 18 ఏళ్లకు పైగా పడుతుంది.

అమెరికన్ మోడలర్ జాన్ అలెన్ రూపొందించిన టైంసేవర్ అనే ఇంకో ప్రసిద్ధ షంటింగ్ పజిల్ కూడా ఉంది. అది గడియారంతో పోటీపడే ఆట. దాని మీద నాకు గౌరవముంది. కానీ రోజంతా గడియారం తరుముతున్న మనిషికి రాత్రి కూడా అదే ఎందుకు? ఇప్పటికి దాన్ని పక్కన ఉంచండి.

3. స్కేలు

ఎక్కువమంది వాడేవి రెండు. హెచ్‌ఓ స్కేలు అసలు బండిలో 87వ వంతు, దాని పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. ఎన్ స్కేలు 160వ వంతు, పట్టాల మధ్య దూరం 9 మిల్లీమీటర్లు. చోటు బాగా తక్కువైతే ఎన్ స్కేలులో ఇదే ప్లాను మూడడుగుల్లో సర్దుకుంటుంది. అయినా కష్టకాలానికి హెచ్‌ఓనే మేలని నా అభిప్రాయం. నిద్రలేని కళ్లకు, వణికే వేళ్లకు ఎన్ స్కేలు కప్లింగులు (వ్యాగన్లను ఒకదానికొకటి తగిలించే కొక్కేలు) చిరాకు తెప్పిస్తాయి. వ్యాగన్ చేత్తో పట్టుకుంటే కాస్త బరువు తెలియాలి, ఆ బరువులోనే ఒక ఊరట ఉంది.

వ్యాగన్లన్నీ పొట్టివి, ఒకే పొడవున్నవి తీసుకోండి. కప్లింగుతో కలిపి 10 సెంటీమీటర్లు ఉంటే బాగుంటుంది. కప్లింగులు ఒకే రకానివై ఉండటం తప్పనిసరి. ఇంజిన్ ఒక్కటి చాలు. అందంగా ఉందా, అరుదైనదా అని చూడకండి. బాగా నెమ్మదిగా, ఆగకుండా, కుదుపు లేకుండా నడుస్తుందా అన్నదొక్కటే చూడండి. వాడినదైనా పర్లేదు, కొనేముందు పట్టాల మీద నడిపించి చూపించమని అడగండి.

4. కాగితం మీద యార్డు

రంపం పట్టుకునే ముందు పాత క్యాలెండర్ కాగితాలు అతికించి, ఐదడుగుల పొడవు, అడుగు వెడల్పు షీటు చేసుకోండి. నేల మీద పరిచి, పాయింట్లను నిజంగానే దాని మీద పెట్టి, చుట్టూ పెన్సిల్‌తో గీయండి. వ్యాగన్లను కూడా గీతల మీద నిలబెట్టండి.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. సైడింగు పొడవును పాయింట్ దగ్గరి నుంచే కొలిచేస్తారు. రెండు లైన్లు విడిపోయే చోట అవి ఇంకా దగ్గర దగ్గరగానే ఉంటాయి. అక్కడ వ్యాగన్ నిలబెడితే పక్క లైన్లో వెళ్లే బండి దాన్ని గీసుకుంటుంది. అసలు రైల్వేలో ఆ హద్దును ఫౌలింగ్ మార్క్ అంటారు. రెండు వ్యాగన్లను పక్కపక్కన పెట్టి, ఒకదానికొకటి తగలకుండా ఎక్కడ నిలుస్తాయో చూసి అక్కడ అడ్డగీత గీయండి. సైడింగు పొడవును ఆ గీత నుంచే లెక్కపెట్టాలి. 10 సెంటీమీటర్ల వ్యాగన్లయితే పొడవాటి సైడింగుకు 50, పొట్టివాటికి 30 చొప్పున, నెక్‌కు ఇంజిన్ పొడవు మీద ఇంకో 30 సెంటీమీటర్లు.

ఈ కాగితంతో రెండు మూడు రోజులు గడపండి. చేత్తో వ్యాగన్లను తోస్తూ ఆడి చూడండి. పైసా ఖర్చు లేని దశ ఇది, తప్పులన్నీ ఇక్కడే తేలిపోవాలి.

5. చెక్క, పట్టాలు, రెండే తీగలు

9 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్క, వంగిపోకుండా దాని కింద చుట్టూ సన్నని చెక్క బద్దలు. ఇంతే. ప్లైవుడ్ కోయడం ఇంట్లో కుదరకపోతే అమ్మేచోటే కోయించుకోండి. బరువు వద్దనుకుంటే దాని బదులు గట్టి ఇన్సులేషన్ ఫోమ్ బోర్డు వాడొచ్చు. కాగితాన్ని చెక్క మీద అతికించి, పట్టాలను సన్నని మేకులతో ఆ గీతల మీదే బిగించండి. జిగురు పెట్టకండి, దాని సంగతి తర్వాత.

వైరింగ్ పేరు వింటేనే భయపడేవాళ్లున్నారు. ఈ ప్లానులో ఆ భయానికి చోటే లేదు. రెండు పాయింట్లూ నెక్ వైపుకే ముఖం పెట్టి ఉంటాయి కాబట్టి, నెక్‌లో ఒక్కో పట్టాకు ఒక్కో తీగ చొప్పున రెండు తీగలు టంకం వేస్తే కరెంటు పాయింట్ల గుండా మూడు సైడింగులకూ చేరుతుంది. ఆ తీగల రెండో చివర మామూలు 12 వోల్టుల డీసీ కంట్రోలర్‌కు వెళ్తుంది. ఒక్క ఇంజిన్‌కు డిజిటల్ కంట్రోల్ అవసరం లేదు.

పాయింట్లు ఎంచుకునేటప్పుడు ఒకటి గమనించండి. పట్టాలు ఒకదాన్నొకటి దాటే చోటును మోడలర్లు ఫ్రాగ్ అంటారు. కొన్ని పాయింట్లలో అది ప్లాస్టిక్‌ది, అక్కడ కరెంటు ఉండదు. పొట్టి ఇంజిన్ నెమ్మదిగా వెళ్తూ సరిగ్గా అక్కడే ఆగిపోతుంది. కాబట్టి లోహపు ఫ్రాగ్ ఉన్నవి తీసుకోండి. వేలితో ఇంజిన్‌ను ముందుకు తోయాల్సి వచ్చిన ప్రతిసారీ ఆట మధ్యలో తెగిపోతుంది.

6. పరీక్ష: ఈ మెట్టు మీద తొందరపడకండి

నా చెక్క మీద మొదట్లో ఒక వ్యాగన్ ఒకే చోట, ప్రతిసారీ పట్టా తప్పేది. చక్రాలు మార్చాను, బరువు పెంచాను, పాయింట్‌ను తిట్టుకున్నాను. నాలుగో రాత్రి దీపాన్ని పట్టాల మట్టానికి దించి, వంగి, ఒంటికన్ను మూసి చూశాను. రెండు పట్టాలు కలిసే చోట ఒకదాని అంచు వెంట్రుకవాసి పైకి లేచి ఉంది. గోరుతో రాస్తే టిక్కుమని తగిలింది. సన్నని ఆకురాయితో నాలుగుసార్లు రుద్దాను. గోరు జారిపోయింది, వ్యాగన్ కూడా జారిపోయింది. ఆ రోజంతా నా చేతిలో సరిగా పూర్తయిన పని అదొక్కటే. అది చాలనిపించింది.

అందుకే ప్రతి అతుకు మీదా ఆ గోరు పరీక్ష చేయండి. తర్వాత ఒక్కో వ్యాగన్‌ను వేలితో తోస్తూ మూడు సైడింగుల్లోకీ పంపండి. ఆ తర్వాత మూడేసి వ్యాగన్లను కలిపి ఇంజిన్‌తో వెనక్కి నెట్టించండి. లాగినప్పుడు దాక్కునే లోపాలు నెట్టినప్పుడు బయటపడతాయి. షంటింగ్‌లో సగం పని నెట్టడమే కదా.

వ్యాగన్ తేలిగ్గా ఉంటే నెట్టినప్పుడు ఎగిరి పక్కకు పడుతుంది. 1935లో మొదలైన అమెరికా నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ దీనికో లెక్క చెప్పింది: హెచ్‌ఓ వ్యాగన్‌కు ఒక ఔన్సు, ఆ పైన పొడవులో ప్రతి అంగుళానికి అర ఔన్సు. నాలుగంగుళాల వ్యాగన్‌కు మూడు ఔన్సులు, అంటే దాదాపు 85 గ్రాములు. లోపల చిన్న నట్లు అతికించి తూకం సరిచేసుకోండి. ఎనిమిదీ ఒకే బరువు ఉండటం ముఖ్యం.

ఇలా వారం రోజులు జిగురు లేకుండానే నడపండి. ఈ వారంలో కనిపెట్టిన తప్పును మేకు పీకి సరిచేయొచ్చు, తర్వాత అయితే చెక్కలోంచి పెకలించాలి.

7. కంకర

కంకర పొడిగా చల్లి, మెత్తని బ్రష్‌తో స్లీపర్ల మధ్యకు సర్దండి. నీళ్లలో ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి, మంచులా పైన చిమ్మండి. తర్వాత తెల్లని వడ్రంగి జిగురును సమానంగా నీళ్లతో కలిపి, మందుల డ్రాపర్‌తో చుక్కచుక్కగా వేయండి. తడి కంకర జిగురును తనే పీల్చుకుంటుంది. తెల్లారేదాకా ముట్టుకోవద్దు.

పాయింట్ల కదిలే నాలుకల దగ్గర మాత్రం జిగురు వేయకండి. అలసటలో నేనొకసారి అక్కడ కూడా రెండు చుక్కలు వేశాను, పొద్దునకు పాయింట్ బిగుసుకుపోయింది. దాన్ని వేడినీళ్లతో మెత్తబరిచి విడదీయడానికి మూడు సాయంత్రాలు పట్టింది. కళ్లు మూతపడుతున్న రాత్రి జిగురు జోలికి పోకండి. ఆ రాత్రి బండి నడిపి పడుకోండి.

8. కట్టడాలు: ఇంట్లో ఉన్నవాటితోనే

మా అమ్మ మాత్రల డబ్బాలు వారానికి అరడజను ఖాళీ అయ్యేవి. వాటిని పారేయడానికి తీసుకెళ్తుంటే ఒకరోజు ఆ అట్ట గట్టిదనం చేతికి తెలిసింది. విప్పదీసి, తిప్పి మడిచి, లోపలి బూడిదరంగు పైకి వచ్చేలా అతికించాను. అదే నా గూడ్స్ షెడ్డు. పైకప్పుకు ముడతల అట్ట, తలుపులకు ఐస్‌క్రీం పుల్లలు. గోడ లోపలి వైపు ఇప్పటికీ మాత్ర పేరు సగం కనిపిస్తుంది. దాని మీద రంగు వేయలేదు.

మీ ఇంట్లో కూడా ఏదో ఒక అట్ట ఉంటుంది. ఒక షెడ్డు, ఒక ప్లాట్‌ఫాం, సైడింగుల చివర వ్యాగన్లు పట్టా దాటి పోకుండా ఆపే బఫర్ స్టాపులు ఉంటే చాలు. వ్యాగన్ వెళ్లి ఆగడానికి ఒక కారణం కనబడాలి, కట్టడాల పని అంతే.

9. రోజూ నడపడం

ఎనిమిది చిన్న కార్డులు కత్తిరించి, ఒక్కోదాని మీద ఒక్కో వ్యాగన్ నంబర్ రాయండి. పొడవాటి సైడింగులో ఐదు, ఒక పొట్టి సైడింగులో మూడు వ్యాగన్లు నిలబెట్టండి, మూడోది ఖాళీ. కార్డులు కలిపి ఐదు తీసి, వచ్చిన వరసలో పరవండి. ఇక మీ పని ఆ ఐదు వ్యాగన్లనూ సరిగ్గా అదే వరసలో పొడవాటి సైడింగులో నిలబెట్టడం. చేత్తో ఎత్తి పెట్టకూడదు. కొలతలు సరిగ్గా ఉంటే ఏ వరసైనా సాధ్యమే, కాబట్టి మధ్యలో చిక్కుపడినా కంగారు పడకండి, దారి ఉంటుంది.

కార్డు వెనక వ్యాగన్‌లో ఏముందో కూడా రాయండి. సిమెంటు, విత్తనాలు, యంత్రం విడిభాగాలు, ఎవరి కోసమో వస్తున్న బీరువా. సరుకు రాసిన రోజు నుంచి నా ఆట మారిపోయింది. అంతకుముందు మూడో నంబరు వ్యాగన్‌ను తోసేవాణ్ని, ఆ తర్వాత విత్తనాలను వాన రాకముందే షెడ్డుకు చేర్చేవాణ్ని. రోజంతా ఎదురుచూపులే మిగిలిన మనిషికి, తన చేతుల మీదుగా ఒక వస్తువు చేరాల్సిన చోటికి చేరడం ఎంత ధైర్యమిస్తుందో నాకు తెలుసు.

వేగం సంగతి. అసలు యార్డులో షంటింగ్ బండి గంటకు 10 కిలోమీటర్లు వెళ్తుందనుకుందాం. హెచ్‌ఓ స్కేలులో అది సెకనుకు 3.2 సెంటీమీటర్లు. అంటే ఐదడుగుల చెక్క ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్లడానికి ముప్పావు నిమిషం పడుతుంది. మొదట్లో ఇది భరించలేనంత నెమ్మదిగా అనిపిస్తుంది. కంట్రోలర్ తిప్పబోయే వేలిని ఆపుకోండి. పాయింట్ మార్చాక, అసలు రైల్వేలో పాయింట్స్‌మన్ నడిచి వెళ్లి చేయి ఊపేంత సేపు ఆగండి. కప్లింగ్ దగ్గరికి వచ్చేటప్పుడు ఇంకా తగ్గించండి. ఇంజిన్ వచ్చి ఆనినప్పుడు వ్యాగన్ కదలకూడదు, చిన్న క్లిక్ మాత్రమే వినబడాలి. ఆ క్లిక్ కోసం నేను ఊపిరి బిగబట్టి కూర్చున్న రాత్రులున్నాయి. మూడు వారాలకు నా చేయి కుదురుకుంది, ఇంజిన్ కూడా.

10. ఏమీ చేయబుద్ధి కాని రోజు

అలాంటి రోజులు వస్తాయి. వాటి కోసం ముందే ఏర్పాటు చేసుకోండి. ప్రతి రాత్రి లేచే ముందు చీటీ మీద రేపటి పని ఒక్కటే రాసి ఇంజిన్ పక్కన పెట్టండి. “రెండో సైడింగు బఫర్ స్టాప్ అతికించాలి.” అంతకంటే పెద్ద పని రాయకండి. ఓపిక లేని రోజు అదీ చేయలేకపోతే, మెత్తని బట్ట మీద ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వేసి పట్టాలు తుడవండి, కిటికీ మాత్రం తెరిచి ఉంచండి. నల్లటి మురికి బట్టకు అంటుకుని రావడం కంటితో కనబడుతుంది. పట్టాలకు గరుకు కాగితం వాడకండి, గీతలు పడితే మురికి ఇంకా తొందరగా చేరుతుంది.

ఆట మధ్యలో పిలుపు వస్తే అలాగే వదిలేసి వెళ్లండి. పరిచిన కార్డుల మీద ఏదైనా బరువు పెట్టి, కంట్రోలర్ ఆపేస్తే చాలు. వారం తర్వాత వచ్చినా వ్యాగన్లు మీరు వదిలిన చోటే ఉంటాయి. కొత్త ఇంజిన్ల ఫోటోలు చూస్తూ అర్ధరాత్రి దాటించడం మాత్రం మానుకోండి. అది కొనాలన్న ఆరాటాన్ని, ఆ వెనకే దిగులును తెస్తుంది. ఎనిమిది వ్యాగన్లు పూర్తిగా తెలిసేదాకా తొమ్మిదోది కొననని నాకు నేను ఒట్టు పెట్టుకున్నాను. నాలుగేళ్లయింది, ఇంకా ఎనిమిదే.

చెక్క కోసేటప్పుడే ఒక పని చేసి ఉంచండి. నెక్ చివరి పట్టాలను చెక్క అంచుదాకా తెచ్చి, అక్కడ బఫర్ స్టాప్‌ను జిగురుతో కాకుండా మేకుతో బిగించండి. మంచి రోజులు వచ్చి రెండో చెక్క కట్టాలనిపిస్తే ఆ మేకు పీకితే చాలు. నా దాంట్లో ఆ మేకు ఇంకా అలాగే ఉంది. అమ్మ కోలుకున్నాక ఒకరోజు కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని, కార్డులు తనే కలిపి ఐదు తీసింది. మొదటి కార్డు వెనక బీరువా అని ఉంది. “ఇది ఎవరిది రా?” అని అడిగింది. ఇంకా పేరు రాయలేదమ్మా అన్నాను. పెన్ను ఇమ్మని చేయి చాపింది.